సాయంత్రం నెట్ నెమ్మదించింది మీ రౌటర్ల వల్ల కాదు

నమస్కారం. రాత్రి ఏడు దాటితే నెట్ నత్తనడక నడుస్తోందని మూడు నెలలుగా మీలో చాలామంది ఫోన్లు చేస్తూనే ఉన్నారు. "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అని చెప్పి పెట్టేశాం. తప్పు మీ రౌటర్లది కాదు, నాది. మన టవర్‌కు నెట్ తెచ్చే వైర్‌లెస్ లింక్ కట్టేటప్పుడు నేను సిగ్నల్ కొలిచాను, నాయిస్ (చుట్టూ ఉండే రేడియో గోల) కొలవలేదు.

మీ ఇంటి మీది యాంటెన్నా మన టవర్‌తో మాట్లాడుతుంది. ఆ టవర్ దాకా ఫైబర్ లేదు. ఫైబర్ దిగిన చోటు నుంచి 10 కిలోమీటర్లు రెండు డిష్‌ల మధ్య గాలిలోనే వస్తుంది. దాన్నే బ్యాక్‌హాల్ అంటాం. మీరందరూ వాడేదంతా ఆ ఒక్క లింక్ మీదుగానే పోవాలి.

నేను వేసిన లెక్క ఇది. ఇందులో డీబీ అంటే సిగ్నల్ ఎంత పెరిగిందో, తగ్గిందో చెప్పే కొలత, డీబీఎం అంటే దాని బలం. మైనస్ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. 5.8 గిగాహెర్ట్జ్‌లో 10 కిలోమీటర్లకు దారిలో పోయేది సుమారు 128 డీబీ. పంపే వైపు రేడియో పవర్, డిష్ గెయిన్ (సిగ్నల్‌ను ఒకవైపు కేంద్రీకరించి డిష్ ఇచ్చే పెంపు) కలిపి మాకున్న పరిమితి 36 డీబీఎం. అందుకునే డిష్ గెయిన్ 30. ఆ రెండూ కలిపి 128 తీసేస్తే మైనస్ 62. బిగించిన రోజు పొద్దున పదకొండుకి టవర్ మీద నిలబడి ఫోన్‌లో చూస్తే మైనస్ 63 కనబడింది. కాగితం మీది అంకె అంత దగ్గరగా వచ్చేసరికి సంబరంగా కిందికి దిగిపోయాను. దిగకుండా ఇంకొకటి చూడాల్సింది.

ఎంత గట్టిగా వినిపిస్తోందన్నది సగం విషయమే. చుట్టూ ఎంత గోల ఉందన్నది మిగతా సగం. ఎవరూ లేని చోట కూడా వేడి వల్ల కొంత నాయిస్ ఉంటుంది: గది ఉష్ణోగ్రతలో ఒక్కో హెర్ట్జ్‌కు మైనస్ 174 డీబీఎం. మేం వాడిన 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్‌కు అది మైనస్ 95 అవుతుంది. రేడియో తనవంతుగా కలిపే 5 డీబీతో మైనస్ 90. సిగ్నల్‌కూ దానికీ తేడా 27. 64-క్వామ్ మాడ్యులేషన్‌కు (ఒక్కో సింబల్‌లో, అంటే ఒక్కో రేడియో సంకేతంలో, 6 బిట్లు పంపే పద్ధతి; అంకె పెరిగేకొద్దీ వేగం ఎక్కువ) సుమారు 25 కావాలి. రెండు డీబీ మిగిలింది కదా అనుకున్నాను. ఇన్నేళ్లు ఈ పని చేస్తూ రెండు డీబీని మిగులు అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ మైనస్ 90 కూడా పుస్తకంలోని అంకె. పోయిన వారం రేడియోను ఒక పగలు, ఒక రాత్రి స్పెక్ట్రమ్ స్కాన్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత గోల ఉందో చూసే పద్ధతి) పెట్టాం. పగలంతా లెక్కలో ఉన్నట్టే ఉంది. సాయంత్రం ఆరున్నరకి మా ఛానల్ పై సగంలో నాయిస్ దిబ్బలా లేచింది. ఎనిమిదికల్లా నాయిస్ మైనస్ 80. అదే బ్యాండులో వేరే ఎవరిదో లింక్, వాళ్ల కస్టమర్లు కూడా ఇంటికి చేరే వేళకే బిజీ అవుతోంది. లైసెన్స్ అక్కర్లేని బ్యాండు కాబట్టి వాళ్లను తప్పు పట్టే హక్కు నాకు లేదు. సిగ్నల్ మాత్రం రాత్రంతా మైనస్ 63 దగ్గర కదలకుండా కూర్చుంది. అందుకే మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ "సిగ్నల్ బాగానే ఉందండీ" అన్నాం. అబద్ధం కాదు, కానీ అడిగినదానికి జవాబు కాదు.

తేడా 27 నుంచి 17కి పడితే రేడియో 16-క్వామ్‌కి దిగుతుంది, అక్కడా తడబడి పంపిందే మళ్లీ మళ్లీ పంపుతుంది. నాయిస్ టవర్ వైపు డిష్ దగ్గరే ఉంది, ఫైబర్ వైపు లేదు. మీకు వచ్చేదాన్ని అందుకునేది ఆ టవర్ డిష్, మీరు పంపేదాన్ని అందుకునేది ఫైబర్ వైపు డిష్. వీడియో కాల్‌లో మీరు అవతలివాళ్లకు చక్కగా కనిపిస్తూ, వాళ్లు మాత్రం మీకు ముక్కలు ముక్కలుగా కనిపించింది అందుకే. ఈ మాట ఒక కస్టమర్ మొదటి నెలలోనే చెప్పారు. అప్పుడే చెవిన పెట్టి ఉండాల్సింది.

"పవర్ పెంచొచ్చు కదా" అని కొందరు అడిగారు. పరిమితిలోనే ఉన్నాం, ఇక పెంచకూడదు. అరవలేనప్పుడు బాగా వినడమే దారి. రెండు వైపులా 34 గెయిన్ ఉన్న పెద్ద డిష్‌లు పెట్టాం. పంపే పవర్ 4 డీబీ తగ్గించాల్సి వచ్చింది, వినేటప్పుడు మాత్రం 4 డీబీ లాభమే. పైగా పెద్ద డిష్ చూపు సన్నగా ఉంటుంది కాబట్టి పక్కనుంచి వచ్చే గోల తక్కువ పడుతుంది. ఛానల్‌ను 40 మెగాహెర్ట్జ్‌కి కుదించి, ఖాళీగా ఉన్న కింది సగానికి మార్చాం. సగం చేస్తే వేడి నాయిస్ 3 డీబీ తగ్గుతుంది.

నిన్న రాత్రి తొమ్మిదికి చూస్తే సిగ్నల్ మైనస్ 59, నాయిస్ మైనస్ 91. తేడా 32. 256-క్వామ్ నడుస్తోంది. రోడ్డు (ఛానల్ వెడల్పు) సగమైంది కానీ, ఒక్కో సింబల్‌కు 4 బిట్లకు బదులు 8 వెళ్తున్నాయి, మళ్లీ పంపడాలు దాదాపు లేవు. నేను మీకు చెప్పే వేగం మాత్రం ఆ 256 మీద లెక్కేసింది కాదు, 64-క్వామ్ మీద వేసింది. అప్పుడు చేతిలో 7 డీబీ మిగులు ఉంటుంది. పాత ప్లాన్‌లో రాసిన వేగంకన్నా ఇది తక్కువే. కొత్త అంకె ఈ నెల బిల్లులో ఉంటుంది, దానికి తగ్గట్టు మొత్తం కూడా తగ్గించాం.

వాన గురించి కూడా అడుగుతున్నారు. 5 గిగాహెర్ట్జ్‌లో ఇంత దూరానికి వాన పెద్దగా ఏమీ చేయదు, 10 గిగాహెర్ట్జ్ దాటిన బ్యాండుల్లోనే దాని దెబ్బ గట్టిగా తగులుతుంది. నా టెన్షన్ అంతా చెట్ల గురించే. దారి మధ్యలో డిష్‌లను కలిపే గీతకు చుట్టూ కనీసం ఏడు మీటర్లు ఖాళీ ఉండాలి, ఒక చోట కొమ్మలు దాని దాకా వచ్చేశాయి. యజమానిని అడిగాం, వచ్చే వారం కొడతామన్నారు. ఆ రోజు మధ్యాహ్నం డిష్‌లు మళ్లీ సరిచూస్తాం, ఓ గంట నెట్ ఉండదు.

ఇకముందు ఫోన్ చేసినప్పుడు ఏ టైమ్‌కి నెమ్మదించిందో, డౌన్‌లోడా అప్‌లోడా అన్నది చెప్పండి. మావాళ్లు రౌటర్ మాట ఎత్తే ముందు ఆ టైమ్‌కి లింక్ నాయిస్ ఎంతుందో చూసి చెప్తారు. ఆ రికార్డు ఇప్పుడు రోజంతా రాసుకుంటున్నాం.