ఫియట్ కస్టమర్లందరికీ మన షెడ్డు నుంచి: స్పేర్లు, అడ్వాన్సులు, బండి ఉంచుకోవాలా అమ్మాలా అన్న సంగతి

అందరికీ నమస్కారం అండి, విజయవాడ ఆటోనగర్ నుంచి రాస్తున్నా. ఈ మధ్య ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువ మంది అడిగేవి రెండే, పుంటో గానీ లినియా గానీ ఇంకా ఉంచుకోవచ్చా అమ్మేయాలా అని ఒకటి, హెడ్‌లైటుకి డోర్ హ్యాండిల్‌కి ముందే డబ్బులు కట్టమంటున్నారేంటి, ఇదివరకు ఇలా లేదుగా అని ఇంకోటి. దానికి తోడు ఇటాలియన్ కార్లంటేనే అంత, కొన్నవాడు ఏడవాల్సిందే, ప్రపంచమంతా ఇదే గోల అని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తిరుగుతోంది, అది చూసి కంగారుపడి ఫోన్ చేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే కంటే ఇక్కడ అంతా రాసేస్తా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి, మీ డబ్బు సంగతి కదా.

ముందు అడ్వాన్సు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి బాడీ సామాను ఏది తెప్పించాలన్నా మొత్తం డబ్బు ముందే తీసుకుంటాం, లేబర్ కూడా పది శాతం పెరుగుద్ది. ఇంజన్ సామానుకి, మామూలు సర్వీసుకి మాత్రం పాత పద్ధతే, పని అయ్యాకే బిల్లు.

ఈ తేడా ఎందుకో చెప్తా. మీ డీజిల్ బండిలో ఉన్న 1.3 మల్టీజెట్ ఇంజన్ ఫియట్ వాళ్ళది, కానీ మన దేశంలో అది ఒక్క ఫియట్‌లోనే లేదు. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, బ్రెజా డీజిల్ బండ్లలో మారుతీ వాళ్ళు డీడీఐఎస్ అని పెట్టింది ఇదే, టాటా వాళ్ళు విస్టా, మాంజా, జెస్ట్, బోల్ట్‌లో క్వాడ్రాజెట్ అన్నదీ ఇదే. 2020లో బీఎస్6 అనే కొత్త పొగ రూల్స్ వచ్చి ఆగిపోయేదాకా ఈ ఒక్క ఇంజన్ మీద లక్షల బండ్లు తిరిగాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. అందుకే టైమింగ్ చైన్ (ఇంజన్ లోపల తిరిగే గొలుసు) కిట్, ఆయిల్ ఫిల్టర్, ఇలాంటివి ఆటోనగర్‌లో ఏ కౌంటర్లో అయినా పొద్దున అడిగితే మధ్యాహ్నానికి చేతికొస్తాయి. మొన్న గుడివాడ నుంచి ఒక లెక్చరర్ గారి పుంటో వచ్చింది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే గొలుసు చప్పుడు, ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండ్లకి వచ్చేదే. విప్పి పాత చైన్ తీసి, స్విఫ్ట్ కోసం అమ్మే డబ్బాలోంచి కొత్తది తీసి రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టి చూపించాం, ఆయన లింకులు, పళ్ళు తడిమి చూసి ఇంత మాత్రం దానికి నన్ను అందరూ ఎందుకండి భయపెట్టారు అన్నారు. సాయంత్రానికి బండి వెళ్ళిపోయింది. టర్బో దగ్గర మాత్రం జాగ్రత్త, 75 హార్స్ పవర్ బండికీ 90 బండికీ అది ఒకటి కాదు, తెలియని చోట పెట్టించుకోకండి.

అదే లినియా హెడ్‌లైట్ పగిలిందనుకోండి, అది లినియాకి తప్ప ఏ బండికీ పట్టదు. బంపర్, టెయిల్ ల్యాంపు, డోర్ హ్యాండిల్, డిక్కీ హ్యాండిల్, గ్లాసు మెషీన్లు, వైరింగ్, ఇవన్నీ అంతే. బండ్లు తయారీ ఆగి ఏళ్ళయింది, కొత్త సేఫ్టీ రూల్స్ వచ్చిన టైములోనే పుంటో, లినియా రెండూ వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆ సామాను ఢిల్లీ కశ్మీరీ గేట్లోనో పుణెలోనో ఎవరి దగ్గరో ఒకటీ అరా ఉంటది, వాళ్ళు మొత్తం డబ్బు పడితే గానీ పార్సిల్ కట్టరు, రిటర్న్ తీసుకోరు. మేము తెప్పించాక కస్టమర్ మనసు మారితే ఆ సామాను మా అలమరాలో ఉండిపోద్ది. అందుకే అడ్వాన్సు, మీ మీద నమ్మకం లేక కాదు.

ఇక ఆ ఫార్వర్డ్ సంగతి. దాంట్లో నిజం కొంత ఉంది, కానీ అసలు విషయం వదిలేశారు. ఇన్నేళ్ళుగా ఈ బండ్లు విప్పి బిగించే మనిషిగా నా అభిప్రాయం ఒక్కటే, ఫియట్‌ని మన దగ్గర ముంచింది బండి కాదు, షోరూము, స్పేర్లు. గుండె మీద చెయ్యేసుకుని చెప్తున్నా, పుంటో డోరు వేసిన చప్పుడు, హైవే మీద ఆ హైడ్రాలిక్ స్టీరింగ్ నిలబడే తీరు ఆ రేటులో ఇంకో బండికి నేను చూడలేదు.

మన పెద్దవాళ్ళు ఫియట్ కారు అనేది ప్రీమియర్ పద్మినిని. ఫియట్ 1100 డిజైన్ మీద బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు చేశారు, మొన్న 2023 దాకా బొంబాయిలో టాక్సీగా తిరిగింది. అంటే పేరు మన జనానికి కొత్తది కాదు, నమ్మకం లేని పేరూ కాదు. ఆ నమ్మకంతోనే 1996 ప్రాంతంలో యూనోకి బుకింగులు తెరిస్తే లక్షల్లో జనం డబ్బు కట్టారు. తీరా చూస్తే కుర్లా ఫ్యాక్టరీలో సమ్మె, బండ్లు బయటికి రాలేదు, డబ్బు కట్టినోళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి వెనక్కి తీసుకున్నారు. మొదటి దెబ్బ అదే. తర్వాత 2001లో పాలియో వచ్చింది, సచిన్‌తో యాడ్స్ చేయించారు, బండి గట్టిది, కానీ బరువు ఎక్కువ, పెట్రోల్ తాగుద్ది అని పేరు పడిపోయింది, అప్పట్లో సర్వీస్ సెంటర్లు కూడా అంతంతమాత్రం.

2006 నుంచి టాటా షోరూముల్లో ఫియట్లు అమ్మడం మొదలైంది, పుణె దగ్గర రంజన్‌గావ్ ఫ్యాక్టరీ ఇద్దరిదీ కలిపి. 2009లో లినియా, అదే ఏడు గ్రాండే పుంటో. బండ్లు అద్భుతం, నేను అప్పుడు చూసి ఇక వీళ్ళకి తిరుగులేదు అనుకున్నా. కానీ ఆలోచించండి, ఒకే షోరూములో పుంటో పక్కనే అదే డీజిల్ ఇంజన్‌తో విస్టా ఉంది, రేటు తక్కువ, లోపల చోటు ఎక్కువ. సేల్స్ అబ్బాయికి ఏది ఈజీగా పోతే అదే చూపిస్తాడు, వాడి తప్పేం లేదు. సర్వీసుకి వస్తే టాటా బండ్ల మధ్య ఫియట్ లైన్లో నిలబడాలి. చివరికి ఫియట్ వాళ్ళే 2012లో అమ్మకాలు మేమే చూసుకుంటాం అని విడిపోయి 2013 నుంచి సొంత షోరూములు తెరిచారు. 2014లో పుంటో ఈవో, అవెంచురా, 2015లో 145 హార్స్ పవర్ అబార్త్ పుంటో కూడా దించారు. అప్పటికే జనం మనసు విరిగిపోయింది.

ఇక్కడ డీలర్ లెక్క ఒకటి చెప్పాలి, ఇది తెలిస్తే మొత్తం అర్థమైపోద్ది. డీలర్‌కి కొత్త బండి మీద మిగిలేది తక్కువ, అద్దె, జీతాలు గడిచేది సర్వీసు మీద, స్పేర్ల మీద. నెలకి పది బండ్లు కూడా పోని చోట సర్వీసుకి వచ్చే బండ్లు తక్కువ, కాబట్టి హెడ్‌లైట్లు, బంపర్లు కొని స్టాకు పెట్టుకోలేడు, ఆర్డర్ వస్తేనే తెప్పిస్తాడు. కస్టమర్ బండి వారాల తరబడి అక్కడే పడి ఉంటది. ఆయన ఊరికే ఉండడు కదా, పెళ్ళిలో, ఆఫీసులో అందరికీ చెప్తాడు. దాంతో కొనేవాళ్ళు తగ్గుతారు, సెకండ్ హ్యాండ్ రేటు పడిపోద్ది, రేటు పడిపోయిందని కొత్తది కొనేవాళ్ళు ఇంకా తగ్గుతారు, ఒకరోజు డీలర్ షట్టర్ దించేస్తాడు, అప్పుడు ఆ ఊళ్ళో ఉన్న బండ్లన్నీ దిక్కులేనివి అయిపోతాయి. ఇందులో ఎక్కడా బండి చెడ్డదవ్వాల్సిన పని లేదు, చూడండి. ఈ సుడిలో ఒకసారి పడితే ఎంత మంచి బండి తెచ్చినా బయటికి రావడం కష్టం.

మిగతా దేశాల్లో కూడా దాదాపు ఇదే కథ. లాన్సియా అని ఇటలీలోనే ఒక గొప్ప కంపెనీ, 1969లో ఫియట్ కొనేసింది. వాళ్ళ బీటా మోడల్‌కి ఇంజన్‌ని మోసే ఫ్రేము దగ్గర తుప్పు పడుతోందని 1980లో ఇంగ్లాండులో పెద్ద గొడవైంది, కంపెనీ బండ్లు వెనక్కి కొనాల్సొచ్చింది. అది మాత్రం పక్కాగా బండి తప్పే, నేను దాచను. కానీ తర్వాత వచ్చిన మోడళ్ళు బాగున్నా ఆ తుప్పు పేరు పోలేదు, 1994లో ఆ దేశం వదిలేసి వచ్చేశారు. అమెరికాలో అయితే 80ల్లో వదిలేసిన ఫియట్ మళ్ళీ 2011లో చిన్న 500 బండితో వెళ్ళింది, డీలర్లతో విడిగా షోరూములు కట్టించారు, అమ్మడానికి చేతిలో ఉన్నది ఆ ఒక్క చిన్న బండి. మొదటి ఏడాది 50 వేలు అనుకుంటే 20 వేలు కూడా పోలేదు. షోరూము కట్టిన డీలర్ గతి ఏంటో మీరే ఊహించుకోండి. ఇదే గ్రూపులో ఖరీదైన కార్లు చేసే మసెరాటి 2023లో 26 వేల పైన అమ్మితే 2024లో 11 వేల దగ్గరికి పడిపోయింది. రేట్లు ఆకాశంలో, అంత డబ్బు పెట్టేవాడు రీసేల్ చూడకుండా ఎందుకు కొంటాడు?

కానీ ఆ ఫార్వర్డ్ రాసినోళ్ళు బ్రెజిల్ పేరు ఎత్తలేదు. అక్కడ ఫియట్ 1976 నుంచి బెటీమ్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టి అక్కడి రోడ్లకి తగ్గట్టు బండ్లు చేస్తోంది, ఊరూరా డీలర్లు, ఎక్కడైనా స్పేర్లు. 2021 నుంచి ఆ దేశంలో అమ్మకాల్లో నంబర్ వన్ ఫియట్, స్ట్రాడా అని వాళ్ళ చిన్న పికప్ అక్కడ అందరికంటే ఎక్కువ అమ్ముడవుతోంది. అదే కంపెనీ, అదే ఇటలీ బుర్ర. మన దగ్గర ఇల్లు కట్టి బావి తవ్వకుండా వదిలేశారు, అంతే.

సరే, ఉంచుకోవాలా అమ్మాలా. 1.3 డీజిల్ ఉన్నవాళ్ళు, ఇంజన్ బాగుంటే అమ్మకండి. అమ్మితే వచ్చే డబ్బు చూసి బాధపడటం తప్ప ఏం లేదు, ఆ డబ్బుకి అలాంటి బండి రాదు. పెట్రోల్ 1.2, 1.4 వాళ్ళకి టైమింగ్ బెల్టు ఉంటది, చైన్ కాదు, అది ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే వెంటనే మార్చించండి. లినియా టీజెట్ (టర్బో పెట్రోల్), అబార్త్ ఉన్నవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, మీరు ఇష్టపడి కొన్నారు, కానీ స్పేర్లు మాత్రం కనిపించినప్పుడు కొని ఇంట్లో పెట్టుకోవాల్సిందే.

అందరికంటే నాకు భయం వేసేది యాక్సిడెంట్ కేసులు. బండి పాతదయ్యే కొద్దీ ఇన్సూరెన్సులో ఐడీవీ, అంటే బండికి వాళ్ళు కట్టే విలువ, పడిపోద్ది, రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారు. హెడ్‌లైటు, బంపరు, బానెట్టు దొరికిన రేటుకి కొంటే ఆ గీత తొందరగా దాటిపోద్ది. నడిచే బండి, ఇంజన్ నిక్షేపంగా ఉన్న బండి, ముందు భాగం నలిగిందని తుక్కుకి పోతుంటే చూడలేకపోతున్నాం. కాబట్టి రెన్యువల్ అప్పుడు ప్రీమియం తగ్గుద్దని ఐడీవీ తగ్గించుకోకండి, ఏజెంట్ చెప్పినా ఒప్పుకోకండి.

మేము మా వైపు చేస్తున్నది ఏంటంటే, మూసేసిన ఒక సర్వీస్ సెంటర్ దగ్గర మిగిలిన సామాను లాటుగా కొన్నాం. లినియా టెయిల్ ల్యాంపులు, పుంటో డోర్ హ్యాండిళ్ళు, గ్లాసు మెషీన్లు, కొన్ని అద్దాలు ఉన్నాయి. ఇవి మన దగ్గర సర్వీసు చేయించే బండ్లకే ఇస్తాం, బయట ఎక్కువ రేటుకి అడిగినోళ్ళు ఉన్నారు, ఇవ్వలేదు, ఇవ్వం. బ్రేకులు, లోయర్ ఆర్మ్‌లు, స్టీరింగ్ సామాను డూప్లికేటువి మాత్రం మీరు తెచ్చి బిగించమన్నా బిగించం, అది ప్రాణాల విషయం. హెడ్‌లైటు గ్లాసు ఒక్కటే పోతే మొత్తం మార్చకుండా గ్లాసు అతికించే మనిషి మన లైన్లోనే ఉన్నాడు, ముందు అది ప్రయత్నిద్దాం.

జీప్ కూడా ఫియట్ గ్రూపుదే కదా, కంపాస్ పనికి తీసుకుంటారా అని అడుగుతున్నారు. రంజన్‌గావ్‌లోనే చేస్తారు, దాని 2.0 డీజిల్ ఇంజన్ టాటా హారియర్‌లోనూ ఎంజీ హెక్టర్‌లోనూ పెట్టిందే, కాబట్టి ఇంజన్, క్లచ్, సస్పెన్షన్ పనులు తీసుకుంటాం. వారంటీలో ఉన్నవీ సాఫ్ట్‌వేర్ పనులూ కంపెనీ వాళ్ళ దగ్గరికే వెళ్ళండి, అది మా దగ్గర అయ్యే పని కాదు.

ఇంకొక్కటి, 2009, 2010 ప్రాంతం మోడళ్ళకి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ అయిపోయింది లేదా అయిపోవస్తోంది. 2022 నుంచి ఆర్సీ రెన్యువల్ ఫీజే 5,000, గ్రీన్ ట్యాక్స్ అదనం, ఫిట్‌నెస్ పాసైతే ఇంకో ఐదేళ్ళు ఇస్తారు. మీ ఆర్సీ తీసి తేదీ చూసుకోండి. రెండు నెలల ముందే బండి తెస్తే పొగ, హ్యాండ్ బ్రేక్, లైట్లు, టైర్లు, అండర్ బాడీ తుప్పు అన్నీ చూసి ఏం కావాలో రాసిస్తాం, ఆ చెకింగ్‌కి డబ్బులు తీసుకోం. ఆదివారం సెలవు, మిగతా రోజులు పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఉంటాం, నంబర్ పాతదే, వచ్చే ముందు ఒక ఫోన్ చేయండి.