విషయం: అప్‌డేట్‌లో మీటర్ సెట్టింగ్ మారిపోయి నా రికార్డింగ్ పాడైంది

సపోర్ట్ టీమ్ వారికి,

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లోనే రెండు గదుల్లో స్టూడియో నడుపుతున్నాను. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టి కొన్నాను, ఈ గొడవకి ముందు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మీకు ఫిర్యాదు రాయలేదు.

పోయిన వారం చిత్తూరు నుంచి ఒక పెద్దాయన నాదస్వరం వాయించడానికి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, పొద్దున్నే బస్సెక్కి వచ్చి, నాదస్వరం ఊదే రెల్లు పీక నోట్లో తడుపుకుంటూ అరగంట కూర్చున్నాకే మొదలుపెట్టారు. శబ్దం ఎంత గట్టిగా వస్తోందో చూపే మీటర్‌లో పీక్ (అత్యధిక స్థాయి) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడుతోంది, సున్నా దాటితే శబ్దం తెగుతుంది గానీ ఎక్కడా ఎరుపు లేదు. డోలు బాగా వినబడాలని నాదస్వరం ఫేడర్ (స్క్రీన్ మీద శబ్దం పెంచే, తగ్గించే మీట) అప్పటికే 10 డెసిబెల్స్ దించి ఉన్నాను. నా మీటర్ ఎప్పుడూ ప్రీ-ఫేడర్‌లోనే, అంటే ఫేడర్‌కి ముందున్న శబ్దాన్ని చూపేలా ఉంటుంది కాబట్టి అది చూపేది అసలు ఇన్‌పుట్టే అనుకున్నాను. తీరా చూస్తే మీ అప్‌డేట్ దాన్ని పోస్ట్-ఫేడర్‌కి, అంటే ఫేడర్ దించాక మిగిలినదాన్ని చూపేలా మార్చేసింది, ఒక్క మాటైనా చెప్పకుండా! అంటే మైనస్ 12 చూపినప్పుడు లోపలికి వస్తున్నది మైనస్ 2. ఆయన తారస్థాయి షడ్జమం పట్టి నిలబెట్టిన చోటల్లా సున్నాకి తగిలింది. జూమ్ చేస్తే అలల తలలు కత్తెరతో కోసినట్టు చదునుగా ఉన్నాయి, వింటే గరగర.

మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి పంపే ఇంటర్‌ఫేస్ పెట్టె మీద ఎర్ర లైటు చూసుకోలేదా అంటారేమో, అది ఆయన గదిలో మైకు పక్కన ఉంది, నేను ఇవతలి గదిలో మీ స్క్రీన్‌నే నమ్ముకుని కూర్చున్నాను.

మీ వాళ్లకి మెయిల్ పెడితే మిక్స్‌లో లెవెల్ తగ్గించుకోమన్నారు. మైకు శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్ దగ్గరే తెగిపోయిన శబ్దం ఫేడర్ దించితే తిరిగొస్తుందా? సాఫ్ట్‌వేర్ లోపల సున్నా దాటినా శబ్దాన్ని తెగనివ్వని 32 బిట్ ఫ్లోట్ లెక్క ఉన్నా, అంతకు ముందే పోయినదాన్ని అది తేలేదు. ముందే తెలిసుంటే గెయిన్ (మైకు శబ్దాన్ని లోపలికి తీసుకునే స్థాయి) తగ్గించి మైనస్ 18 దగ్గర పెట్టుకునేవాణ్ణి, 24 బిట్ రికార్డింగ్‌లో అంత తక్కువగా పెట్టినా ఏ ఇబ్బందీ లేదు.

రికార్డ్ బటన్ నొక్కి ఉన్న ట్రాక్‌లో ఫేడర్ ఎక్కడున్నా సరే మీటర్ ఇన్‌పుట్‌నే చూపాలి. క్లిప్ అయితే, అంటే శబ్దం సున్నాకి తగిలి తెగితే, ఆ ఎర్ర గుర్తు నేను నొక్కేదాకా పోకూడదు. అప్‌డేట్ నా సెట్టింగ్‌ని ముట్టుకోకూడదు, తప్పనిసరై మారిస్తే తెరవగానే చెప్పాలి.

ముహూర్తాలు మొదలయ్యాయి, పెద్దాయనకి రోజూ పెళ్లిళ్లే. మళ్లీ రమ్మని ఏ ముఖంతో అడగను? ప్రాజెక్ట్ ఫైల్, ఆ అలల స్క్రీన్‌షాట్ జత చేశాను. ఇది ఎప్పటికి సరిచేస్తారో తేదీతో సహా జవాబు ఇవ్వండి.