బయోస్ మీ అటక మీది పీఎస్2లోనే ఉంది

అయ్యా,

పీఎస్2 (సోనీ వారి ప్లేస్టేషన్ 2 కన్సోల్) లాంటి వాటి పాత వీడియో గేములను కంప్యూటర్లో ఆడుకోవడం గురించి మీ ఆదివారం పేజీలో రాసినందుకు సంతోషం. కానీ అందుకు కావలసిన బయోస్ (స్విచ్ వేయగానే మెషిన్‌ను లేపే ప్రోగ్రాం) గురించి 'బయోస్ ఫైల్‌ను నెట్‌లో వెతికి దించుకోండి' అని ఒక్క ముక్కలో తేల్చేయడం మాత్రం బాగాలేదు. గుంటూరులో గేమ్ కన్సోళ్లు రిపేరు చేసుకుని బతికేవాణ్ణి, ఆ సలహా పర్యవసానాలు నా బల్ల మీదికే వస్తాయి.

మొన్న ఒక డిగ్రీ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అంకుల్, బయోస్ పెట్టినా గేమ్ రావట్లేదు" అన్నాడు. చూస్తే ఆ ఫైల్ పేరు చివర 'ఈఎక్స్ఈ' అని ఉంది, అంటే అది బయోస్ కాదు, నొక్కగానే విండోస్‌లో నడిచే ప్రోగ్రాం. విండోస్ ఆ చివరి ముక్కను దాచేస్తుంది కాబట్టి పిల్లాడికి కనబడలేదు. పీఎస్2 అసలు బయోస్ సరిగ్గా 4 ఎంబీ ఉంటుంది, ఇది ఒక ఎంబీ కూడా లేదు. యాంటీవైరస్ అడ్డుపడింది కాబట్టి సరిపోయింది. ఇంతా చేస్తే వాళ్లింట్లో పీఎస్2 ఉందట, అటక మీద!

బయోస్ సోనీ వారి సొత్తు. అందుకే పీసీఎస్ఎక్స్2 ఎమ్యులేటర్‌ను (కంప్యూటర్‌ను పీఎస్2లా నడిపించే ప్రోగ్రాంను) ఉచితంగా ఇచ్చేవాళ్లు కూడా బయోస్ ఇవ్వరు, మీ మెషిన్‌లోంచే తీసుకోమంటారు. ఫ్రీ మెక్‌బూట్ (పీఎస్2లో బయటి ప్రోగ్రాంలు నడవనిచ్చే సాఫ్ట్‌వేర్) ఎక్కించిన మెమరీ కార్డు, ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్, అందులో బయోస్‌ను కాపీ తీసే బయోస్‌డ్రెయిన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటే చాలు. పీఎస్2 యూఎస్‌బీ బాగా నెమ్మది, మధ్యలో పీకేయకండి. వచ్చిన ఫైళ్లన్నీ కలిపి ఎమ్యులేటర్ 'బయోస్' ఫోల్డర్లో వేయాలి. ఆఖర్లో వచ్చిన స్లిమ్ మోడళ్లలో కొన్నిటికి ఈ కార్డు పనిచేయదు, వాటికి వేరే దారి చూడాలి.

మన కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ కూడా చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రాంను వ్యాపారానికి కాక సొంతానికి కాపీ చేసుకోనిస్తుంది. ఊరూపేరూ లేని సైట్‌లో దొరికిందానికి ఆ రక్షణ ఎక్కడిది?

పీఎస్2 తయారీ ఆగి పదేళ్లు దాటింది. చెడిపోయిందని తూకానికి వేసేస్తున్న మెషిన్లలో చాలావాటికి డిస్క్ చదివే లెన్స్ ఒక్కటే పోయి ఉంటుంది, బోర్డు బాగానే ఉంటుంది, బయోస్ తీయవచ్చు. వచ్చే ఆదివారం ఈ పద్ధతిని బొమ్మలతో సహా వేయండి. పాత సామాన్లవాడికి ఇచ్చేలోపు జనానికి తెలియాలి.

– ఒక కన్సోల్ మెకానిక్, గుంటూరు