తీసుకోనన్నానని రాసింది ఎవరు? కొరియర్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

విజయవాడ,
2 జూన్ 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: నా పార్శిల్‌ను నాకు ఇవ్వకుండా, నేనే తీసుకోనన్నట్టు రాసి వెనక్కి పంపడం, ఆరు వారాలుగా ఎవరూ జవాబు చెప్పకపోవడం గురించి.

అయ్యా,

సత్యనారాయణపురంలో నాకు మెడికల్ షాపు ఉంది. 19 ఏళ్ళుగా నడుపుతున్నాను. అందులో 11 ఏళ్ళుగా మీ కంపెనీ తప్ప ఇంకొకటి ఎరగను. డిస్ట్రిబ్యూటర్ల నుంచి వచ్చే మందుల పెట్టెలు, మా అమ్మాయి సర్టిఫికెట్లు, ప్రతి వేసవిలో పూణెలో ఉన్న మా అక్కకు పంపే ఆవకాయ, అన్నీ మీ ద్వారానే. పక్క వీధిలో వేరే కొరియర్ వాళ్ళు తక్కువకే పంపుతామన్నా మారలేదు. కరోనా రోజుల్లో మీ డెలివరీ కుర్రాళ్ళకు మాస్కులు, శానిటైజర్లు నా షాపు నుంచే ఇచ్చాను, ఒక్క రూపాయి తీసుకోలేదు. గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు ఇదంతా. ఇన్నేళ్ళ మనిషిని మీరు ఎలా చూశారో మీకు తెలియాలి.

ఆ పార్శిల్లో ఉన్నది ఒక గ్రామఫోన్ రికార్డు. ఈ రోజుల్లో రికార్డులు ఎవరు కొంటారని మీ ఏజెంట్లలో ఇద్దరు నన్నే అడిగారు, అందుకే కొంచెం చెప్పాలి. అమెరికాలో చిన్న చిన్న రికార్డు షాపుల వాళ్ళు 2007లో కూడబలుక్కుని, 2008 ఏప్రిల్ 19న ‘రికార్డ్ స్టోర్ డే’ అని మొదలుపెట్టారు. ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం జరుగుతుంది. ఆ రోజు కోసమే కొన్ని రికార్డులు లెక్కపెట్టి అచ్చు వేస్తారు. పెద్ద కంపెనీల చేతిలో లేని సొంత షాపుల్లో, కౌంటర్ దగ్గరే అమ్ముతారు. ముందుగా డబ్బు కట్టి పక్కన పెట్టించుకోవడం కుదరదు. ముందొచ్చిన వాళ్ళకు ముందు, మనిషికి ఒకటే. ఆ షాపులు బతకాలని పెట్టుకున్న పద్ధతి అది. బొంబాయిలో కాలాఘోడా దగ్గర ‘రిథమ్ హౌస్’ అంత పేరున్న షాపే 2016లో మూతపడింది. అలాంటి చోట ఇంకా రికార్డులు అమ్ముతూ కూర్చున్న చిన్న షాపుల మీద నాకు గౌరవం. ఫార్మసీ చదివే రోజుల్లో హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ఎల్పీ రికార్డులు ఏరుకోవడంతో మొదలైన అలవాటు ఇది. నా సంపాదనలో నా కోసం ఖర్చు పెట్టేది దీనికొక్కదానికే.

ఈ ఏడాది ఆ రోజు ఏప్రిల్ 12న వచ్చింది. బొంబాయిలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు నా కోసం తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళి షాపు ముందు నిలబడ్డాడు. షట్టర్ తీసింది పదకొండింటికి. వాడి వంతు వచ్చేసరికి ఆ రికార్డు రెండే కాపీలు మిగిలాయి. “మావయ్యా, దొరికింది” అని అక్కడి నుంచే ఫోన్ చేశాడు. మొత్తం 500 కాపీలు, కవరు వెనక పెన్నుతో చేతిరాత నంబరు, నాది 212. ఏప్రిల్ 15న మీ దాదర్ బ్రాంచిలో బుక్ చేశాడు. అట్ట పెట్టె మీద ఎర్ర మార్కర్‌తో ‘ఎండలో పెట్టవద్దు, నిలువుగా ఉంచండి’ అని హిందీలో, తెలుగులో రాశాడు. మూడు రోజుల్లో వస్తుందని రసీదు ఇచ్చారు.

19వ తేదీన ఆటోనగర్ హబ్‌కు చేరినట్టు మెసేజ్ వచ్చింది. 21వ తేదీ సోమవారం మధ్యాహ్నం 2 గంటల 17 నిమిషాలకు ఇంకో మెసేజ్. ‘తలుపు తాళం వేసి ఉంది, డెలివరీ కుదరలేదు.’ ఆ మెసేజ్ చూసినప్పుడు నేను కౌంటర్‌లో కూర్చుని ఒక పెద్దాయనకు షుగర్ మాత్రలు ఇస్తున్నాను. మెడికల్ షాపు సార్ అది. ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు తెరిచే ఉంటుంది. మర్నాడు ‘కస్టమర్ ఫోన్ ఎత్తలేదు’ అని వచ్చింది. నా ఫోన్‌లో ఆ రోజు మీ వాళ్ళ నుంచి ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. ఆ మర్నాడు ‘అడ్రసు సరిగా లేదు’. పదకొండేళ్ళుగా పెట్టెలు దింపుతున్న అడ్రసే అది! షాపు ముందు సీసీ కెమెరా ఉంది. మూడు రోజుల రికార్డింగూ కూర్చుని చూశాను. మీ బండి మా వీధిలోకే రాలేదు. ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇక మీ కస్టమర్ కేర్. తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కాను. 26 నిమిషాలు అదే ట్యూను వింటూ కూర్చున్నాను, ఆ తర్వాత ఎత్తినాయన హిందీలో మాట్లాడాడు. నాకొచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. ‘24 నుంచి 48 గంటల్లో పరిష్కారమవుతుంది’ అన్నాడు. రెండో రోజు ఇంకొకామె. తను పాపం మర్యాదగానే మాట్లాడింది, కానీ నేను చెప్పేది వినకుండానే ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని నాలుగుసార్లు చదివింది. సూపర్‌వైజర్‌కు ఇవ్వమంటే ‘ఆయన మీటింగ్‌లో ఉన్నారు, గంటలో ఫోన్ చేస్తారు’ అంది. ఆ గంట ఇంతవరకూ కాలేదు. మూడో ఆయన ‘మా స్క్రీన్ మీద మీరు ఇంట్లో లేరనే ఉంది సార్’ అన్నాడు. నేను ఇక్కడే ఉన్నానయ్యా, వీడియో ఉంది, పంపిస్తాను అంటే ‘వీడియో తీసుకునే అవకాశం మాకు లేదు’ అన్నాడు. అంటే మీ స్క్రీన్ మాట చెల్లుతుంది, మనిషి మాట చెల్లదు. మొత్తం 23 ఫోన్లు చేశాను, 9 మెయిళ్ళు పెట్టాను. నాలుగు ఫిర్యాదు నంబర్లు ఇచ్చారు. నాలుగూ నాతో ఒక్క ముక్క మాట్లాడకుండానే మూసేశారు. మూసిన ప్రతిసారీ ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని మెసేజ్. ఆ మెసేజ్ చూసినప్పుడల్లా నా మొహం మీదే తలుపు వేసినట్టు అనిపించింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా, వాడు కనీసం ఊదుతున్నవాడి మొహం చూస్తాడు.

25వ తేదీన ఉండబట్టలేక షాపు మా తమ్ముడికి అప్పగించి ఆటోనగర్ వెళ్ళాను. మేనేజర్ భోజనానికి వెళ్ళారు, కూర్చోమన్నారు. కూర్చోవడానికి కుర్చీ లేదు. గంటంబావు నిలబడ్డాను. ఆ నిలబడటంలోనే కనిపించింది నా పెట్టె. షట్టర్ పక్కన రేకుల షెడ్డు అంచున, మండుటెండలో, పడుకోబెట్టి ఉంది. దాని మీద ఏదో మోటారు సామాను మూట. ఎర్ర అక్షరాలు నేను నిలబడిన చోటికి కనిపిస్తున్నాయి. మా మేనల్లుడి చేతిరాత నేను గుర్తుపట్టనా? ఆధార్ కార్డు, రసీదు ఫొటో చూపించి, అదిగో అదే నా పెట్టె, సంతకం పెట్టి తీసుకెళ్తాను అన్నాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి కంప్యూటర్ వైపు చూసి ‘సిస్టమ్‌లో డెలివరీకి బయల్దేరినట్టు ఉంది, ఇక్కడ ఇవ్వడం కుదరదు’ అన్నాడు. పెట్టె ఇక్కడే ఉంది కదా అంటే మళ్ళీ అదే మాట. పోనీ, ఆ మూటైనా దించి నీడలోకి జరపండి బాబూ, ఎండకు ఒంగిపోతుంది అని బతిమాలాను. రికార్డు చేసే వినైల్ అంటే ప్లాస్టిక్కే. కారులో ఎండకు వదిలేసినా అప్పడంలా వంకర తిరుగుతుంది. ‘మేనేజర్ చెప్తేనే ముట్టుకుంటాం’ అన్నాడు. ఐదడుగుల దూరంలో నా వస్తువు పాడవుతుంటే గుడ్లప్పగించి చూసి, ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. మేనేజర్ గారు ఆ రోజు రాలేదు.

మర్నాడు వచ్చింది అసలు మెసేజ్. ‘కస్టమర్ పార్శిల్ తీసుకోవడానికి నిరాకరించారు. పంపినవారికి తిప్పి పంపుతున్నాం.’

నాకు కడుపు మండింది ఇక్కడే. తాళం వేసి ఉందన్నారు, ఓర్చుకున్నాను. ఫోన్ ఎత్తలేదన్నారు, సర్దుకున్నాను. కానీ తెల్లవారుజామున లేచి వెళ్ళి మా పిల్లాడు తెచ్చిన దాన్ని నేను వద్దన్నానని రాయడం పచ్చి అబద్ధం. ఆ మెసేజ్ వాడికీ వెళ్ళింది. ‘ఏం మావయ్యా, వద్దన్నావా?’ అని అడిగాడు. వాడికి నేను సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. అది చేసింది ఎవరు? ఆ బటన్ నొక్కినవారికి పేరు ఉంటుంది కదా. ఆ పేరు నాకెవరూ చెప్పడం లేదు.

అప్పుడు ఫోన్ చేస్తే మీ ఏజెంట్ ఇచ్చిన సలహా, ‘మళ్ళీ ఆర్డర్ పెట్టుకోండి సార్, ఇలాంటివి చాలా దొరుకుతాయి’ అని. దొరకవు. మన దేశంలో ఒకప్పుడు కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో రికార్డులు అచ్చయ్యేవి, ఆ ఫ్యాక్టరీ రోజులు పోయాయి. రికార్డు అంటే జిరాక్స్ కాపీ కాదు. లాకర్ అనే మెరుగు పూత పూసిన పళ్ళెం మీద గాడి కోసి, దాని నుంచి లోహపు అచ్చులు తీసి, ఆ అచ్చుల మధ్య వేడి ప్లాస్టిక్ ముద్ద పెట్టి నొక్కుతారు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఆ లాకర్ పళ్ళేలు తయారుచేసే ఫ్యాక్టరీ కాలిపోతే, ప్రపంచంలో ఇంకొక్కటే మిగిలింది, జపాన్‌లో. ఇంత తతంగంతో 500 వేసి ఆపేసిన రికార్డులో 212వది మళ్ళీ ఎక్కడి నుంచి తెమ్మంటారు?

మే 5న పెట్టె తిరిగి బొంబాయి చేరింది. మా మేనల్లుడు ఈసారి మిమ్మల్ని నమ్మలేదు. సెలవు పెట్టుకుని మే 17న కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కవరు పైఅంచు చిట్లిపోయింది. రికార్డు టర్న్‌టేబుల్ మీద పెడితే ప్రతి చుట్టుకూ సూది లేచి పడుతోంది, మొదటి పాట దాటడం లేదు. దాని గురించి నేను ఎక్కువ రాయను. వస్తువులు పాడవుతాయి, నా షాపులోనూ సీసాలు పగులుతాయి. పగిలినప్పుడు కస్టమర్ ఎదుట నిలబడి పొరపాటైందని చెప్తాం. మీ అంత పెద్ద కంపెనీలో ఆ ఒక్క మాట చెప్పే మనిషి ఆరు వారాల్లో నాకు దొరకలేదు.

నష్టపరిహారం ఎంతన్నది మీరే ఆలోచించి చెప్పండి, అంకె నా నోటితో అనను. నా పేరు మీద రాసిన ఆ ‘నిరాకరించారు’ అన్న మాట మాత్రం మీ రికార్డుల్లోంచి తీసేయాలి. తీసేసినట్టు నాకూ, మా మేనల్లుడికీ సంతకంతో ఉత్తరం రావాలి. 21, 22, 23 తేదీల్లో మా వీధికి వచ్చానని రాసిన వ్యక్తిని అడిగి, ఏం చెప్పాడో నాకు తెలియజేయాలి. తెలుగు తెలిసిన, నిర్ణయం తీసుకోగల మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి.

జూన్ 16 వరకు చూస్తాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఇప్పటికే ఫోన్ చేసి వివరాలు అడిగాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్ళోనే కేసు వేయొచ్చు, నాలాంటి చిన్న మొత్తానికి కోర్టు ఫీజు కూడా లేదు. వీడియో ఉంది, కాల్ లిస్టు ఉంది, మీ మెసేజ్‌లన్నీ ఉన్నాయి. మా వీధిలో ఉన్న మూడు మెడికల్ షాపుల వాళ్ళకూ, మా కెమిస్టుల సంఘంలో వాళ్ళకూ ఈ ఉత్తరం కాపీ ఇస్తున్నాను. వాళ్ళ పెట్టెలూ మీ దగ్గరే వస్తున్నాయి. ఈ నెల నుంచి నా డిస్ట్రిబ్యూటర్లకు వేరే కొరియర్ పేరు చెప్పాను. మా అక్కకు ఈ ఏడాది ఆవకాయ కూడా మీ ద్వారా వెళ్ళలేదు.

నా ఫోన్ నంబరు మారలేదు, మీ దగ్గర ఉన్నదే. అడ్రసూ అదే.

ఇట్లు,
సత్యనారాయణపురం మెడికల్ షాపు యజమాని,
మీ 11 ఏళ్ళ కస్టమర్