కొత్త సేవాసంస్థలకు తొలి ఏడాది డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీ శాఖ నిబంధన ఒకటి పేదల మధ్య పుట్టే మంచి ఆలోచనలను మొదట్లోనే ఆపేస్తోంది. దాన్ని మార్చమని అడగడానికే ఈ లేఖ.

కంపెనీలు సమాజ సేవకు ఖర్చు చేయాల్సిన సీఎస్ఆర్ నిధులతో బయటి ట్రస్టు గానీ సొసైటీ గానీ పని చేయాలంటే, అదే రకమైన పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. నిన్న రిజిస్టరైన సంస్థకు కంపెనీ ఎంత ఇష్టపడినా ఆ పద్దు కింద రూపాయి ఇవ్వడానికి వీల్లేదు. ఈత వచ్చాకే నీళ్లలో దిగమన్నట్టుంది. పోనీ, ఈ షరతు అందరికీ ఉందా అంటే అదీ లేదు. కంపెనీ తానే ఒక ఫౌండేషన్ పెట్టుకుంటే దాన్ని మూడేళ్ల అనుభవం అడగరు. సేవాసంస్థలకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా మీ శాఖ దగ్గర నమోదు (సీఎస్ఆర్-1) ఉంటే చాలు. సమస్యను పుట్టినప్పటి నుంచి చూస్తున్న నలుగురు కలిసి పెట్టుకున్న సంఘం మాత్రం గుమ్మం బయటే నిలబడాలి.

వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం ఇలా ఆలోచించలేదు. 2021లో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకానికి 945 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆలోచన పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక్కో సంస్థకు 20 లక్షల వరకు గ్రాంటు పెట్టింది. అక్కడ పెట్టిన అర్హత ఏమిటో చూడండి: దరఖాస్తు నాటికి సంస్థ పుట్టి రెండేళ్లు దాటకూడదు! ట్రస్టులకు, సొసైటీలకు అందులో చోటు ఇవ్వలేదు. సేవాసంస్థలు నిధులు సేకరించుకునేందుకు స్టాక్ ఎక్స్ఛేంజిల్లో పెట్టిన ప్రత్యేక విభాగమైన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదుకూ మూడేళ్ల వయసు కావాలి, పైగా గడిచిన ఏడాది 50 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్‌కూ మూడేళ్లే.

ఆ మూడేళ్లూ ఎవరు నెట్టుకురాగలరు? తొలి ఏడాది ఖర్చులు పెద్దవేమీ కావు. రిజిస్ట్రేషన్, ఆడిటర్ ఫీజు, ఇంటింటికీ తిరిగే ఇద్దరి జీతం, బస్సు చార్జీలు, ఒక ఫోను, వివరాలు రాసుకునే రిజిస్టరు. ఇంట్లో ఆస్తి ఉన్నవాళ్లు వీటిని సొంతంగా భరిస్తారు. కూలి చేసుకునే ఇంటి అమ్మాయికి ఎంత మంచి ఆలోచన తట్టినా మూడు నెలలు కూడా జీతం లేకుండా గడవదు. అందుకే పేదల కోసం పనిచేసే సంస్థలను పేదలు పెట్టడం ఇంత అరుదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

చిన్న ప్రయోగం ఎంత దూరం వెళ్లగలదో మహారాష్ట్రలోని గడ్చిరోలి చూపించింది. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ గ్రామ మహిళలకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే తూకం వేయడం, ఊపిరి లెక్కపెట్టడం, వెచ్చగా ఉంచడం, ఇన్ఫెక్షన్ సోకితే మందు ఇవ్వడం నేర్పింది. మొదట 39 గ్రామాల్లోనే. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించింది. 2011లో కేంద్ర ప్రభుత్వమే ఈ పద్ధతిని ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటా చేపట్టింది.

దుర్వినియోగం జరుగుతుందన్న భయం అర్థం లేనిదని అనను. కాగితాల మీదే బతికే సంస్థలు ఉన్నాయి. అలాంటివాటిని అడ్డుకోవడానికి మొత్తం చిన్నదిగా ఉంచండి, విడతలుగా ఇవ్వండి, ప్రతి రూపాయి లెక్కా అందరికీ కనిపించేలా పెట్టించండి. 2021లో సవరించిన సీఎస్ఆర్ నిబంధనల్లో మూడేళ్ల అనుభవం అడిగే నాలుగో నిబంధనకు ఒక్క మినహాయింపు చేర్చితే సరిపోతుంది: మూడేళ్లు నిండని సంస్థలకు ఒక పరిమితి మేరకు తొలి గ్రాంటు ఇవ్వవచ్చని. ప్రయోగం ఫలించకపోతే ఎందుకు ఫలించలేదో రాసి ప్రకటించాలని షరతు పెట్టండి కానీ, నిజాయితీగా ఓడినవారిని మళ్లీ దరఖాస్తు చేయకుండా ఆపకండి. ఇంగ్లీషులో ప్రతిపాదన రాయలేనివారు తమ భాషలో రాసేందుకు, ఎదురుగా కూర్చుని చెప్పేందుకు వీలుండాలి.

ఈ సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయానికి విడుదల చేయండి. ఆ చర్చకు పెద్ద ఫౌండేషన్ల ప్రతినిధులతో పాటు ఇంకా మూడేళ్లు నిండని సంఘాల వారినీ పిలవండి.

ఇట్లు,
ఒక స్వచ్ఛంద కార్యకర్త