బావి నీటికి ఒక లెక్క ఉండేది

సంపాదకునికి నమస్కారం.

వానలు మొదలై అతిసార వార్తలు మీ పత్రికలో కనిపించినప్పుడల్లా నాకు మా నాన్నగారి సైకిలు గుర్తుకొస్తుంది. 1960లలో ఆయన కందుకూరు ప్రాంతంలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. (మా ఊరు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే.)

ఊరి బావి దగ్గర ఆయన ముందుగా తాడు వదిలి లోతు చూసేవారు. వెడల్పు కొలిచి నీరెంతో లెక్క కట్టేవారు. వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పొడి. బకెట్లో కలిపి, పొడిలోని సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలో పోయించేవారు. గంటసేపు ఎవరినీ చేద వేయనిచ్చేవారు కాదు. ఆ తరువాత గాజు గొట్టంలో నీరు పట్టి ఆర్థోటాలిడిన్ (నీటిలో క్లోరిన్ ఉందో లేదో చెప్పే మందు) చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. తేలకపోతే మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే. మూత తీసి ఉంచిన పొడి పస తగ్గిపోతుందని డబ్బాను బిడ్డలా కాపాడేవారు.

మలేరియా మందు కొట్టిన తేదీని ఇంటి గోడ మీద రాసేవారు కూడా.

ఈ మధ్య మా వీధి కాలువ గట్టున పొడి చల్లి వెళ్లారు. తాగే నీటిని పరీక్షించడానికి మాత్రం ఎవరూ రాలేదు. నాకు చాలా బాధగా ఉంది. ప్రతి నీటి ట్యాంకు మీద క్లోరిన్ పరీక్ష తేదీ, ఫలితం రాయించాలని అధికారులను కోరుతున్నాను.

ఒక పాఠకురాలు, కందుకూరు