హాట్ టబ్ కనెక్షన్ల విషయంలో ఇకమీదట మా పద్ధతి

అందరికీ నమస్కారం. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఏళ్లుగా మాతోనే వైరింగ్ పనులు చేయించుకుంటున్నారు. ఈమధ్య టెర్రస్ మీద హాట్ టబ్, అంటే వేడినీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి, పెట్టించుకునేవాళ్లు పెరిగారు. మా కొటేషన్ చూసి "గీజర్ పాయింట్ ఉంది కదండీ, అందులో పెట్టేస్తే పోదా?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

మామూలు గీజర్ 2 కిలోవాట్లు, అంటే 9 ఆంపియర్ల లోపు. నీళ్లు కాగగానే ఆగిపోతుంది. టబ్‌లో 3 కిలోవాట్ల హీటరుంటే అదొక్కటే 13 ఆంపియర్లు లాగుతుంది, పైన పంపు, బ్లోయర్. అదీ గంటల తరబడి. అలా వాడిన ఒక సాకెట్ విప్పి చూస్తే పిన్ను దూరే రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకు తిరిగింది. వెనక వైరు తొడుగు వేలితో వంచగానే పెళుసుగా విరిగిపోయింది. అందుకే డీబీ (ఇంటి మెయిన్ స్విచ్ బోర్డు) నుంచి టబ్‌కు విడిగా లైన్ లాగుతాం. మొత్తం లోడ్ 6 కిలోవాట్లయితే 26 ఆంపియర్లు, దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ మించితే లైన్ ఆపేసే స్విచ్), 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు పడుతుంది. మీ ఇంటికి మంజూరైన లోడ్ (శాంక్షన్డ్ లోడ్) చాలకపోతే ముందు కరెంటు సంస్థ బెస్కామ్‌లో పెంచుకోవాలి.

లోడ్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది షాక్. ఎంసీబీ వైరును కాపాడుతుంది, నీళ్లలో ఉన్న మనిషిని కాదు. ఆ పని ఆర్‌సీసీబీ అనే లీకేజీ స్విచ్‌ది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే అది వెంటనే లైన్ కట్ చేస్తుంది. కొన్ని ఇళ్లలో మెయిన్‌లో 100 మిల్లీఆంపియర్లది ఉంటుంది. ప్రాణం కాపాడటానికి అది చాలదు, 30 మిల్లీఆంపియర్లది కావాలి.

"ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతోంది, అది తీసేసి డైరెక్ట్ చేసేయండి" అని కొందరు ఫోన్ చేస్తున్నారు. దయచేసి ఆ మాట అనకండి. మన బోరు నీళ్లకు హీటర్ ఎలిమెంట్ మీద తెల్లగా పెచ్చు కడుతుంది. దాని కింద వేడెక్కి ఎలిమెంట్ తొడుగు చిట్లితే కరెంటు నీళ్లలోకి లీకవుతుంది. ట్రిప్ అయిందంటే ముందు అది చూడాలి. ఆర్‌సీసీబీ తీసేసి కనెక్షన్ ఇమ్మంటే ఆర్డర్ పోయినా సరే, మేం ఇవ్వం.

ఎర్తింగ్ కూడా అంతే. బోర్డులో పచ్చ వైరు కనబడుతుంది గానీ అవతలి కొస నేలలోని ఎర్త్ గుంత దాకా చేరని ఇళ్లున్నాయి. చేరినా వేసవిలో గుంత ఎండిపోతే సరిగా పని చేయదు. కాబట్టి మీటరుతో కొలవకుండా పని మొదలుపెట్టం. పంపు బాడీ, నిచ్చెన, రెయిలింగ్, ఇనుప పైపులు అన్నిటినీ కలిపి ఒకే ఎర్త్‌కు కడతాం. టబ్‌లో కూర్చుని చెయ్యి చాచినా టబ్ స్విచ్ అందకుండా, బయట నిలబడ్డవాళ్లకు మాత్రం కనబడేలా పెడతాం.

ఇదంతా ఒక్క పూటలో అయ్యేది కాదు, ఖర్చూ పెరుగుతుంది. ఆర్‌సీసీబీ, వైరు మీరే కొనుక్కొచ్చుకున్నా మాకు అభ్యంతరం లేదు, ఐఎస్ఐ మార్కు ఉంటే చాలు. అమెరికా నుంచి టబ్ తెప్పించుకునేవాళ్లు మాత్రం డబ్బు కట్టకముందే లేబుల్ ఫొటో పంపండి. దాని మీద 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని లేకపోతే ఇక్కడ ఇబ్బంది.

ఇప్పటికే టబ్ వాడుతున్నవాళ్లు నెలకోసారి ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. నొక్కినా ట్రిప్ కాకపోతే మెయిన్ ఆపేసి మాకు ఫోన్ చేయండి. మేం వచ్చి చూసేదాకా ఎవరూ నీళ్లలో దిగొద్దు, పిల్లల్ని అసలు దిగనివ్వొద్దు.